రాతితోటలో లెవీసియా: మొదలు కుళ్లకుండా కాపాడుకునే తీరు

ప్రశ్న: మేము అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్ దగ్గరి బాథెల్‌లో ఉంటున్నాము. ఇంటి వెనుక పెరడు కొంచెం వాలుగా ఉంటుంది. అక్కడ రాళ్లు పేర్చి చిన్న రాతితోట చేసుకున్నాను. కిందటి ఏప్రిల్‌లో నర్సరీలో లెవీసియా కోటిలీడన్ పూలు చూసి మనసాగక మూడు మొక్కలు తెచ్చాను. రాళ్ల మధ్య చదునైన చోట కంపోస్టు బాగా కలిపి నాటి, చుట్టూ బ్యూటీ బార్క్ అనే బెరడు ముక్కలు పరిచాను. జూన్ దాకా చక్కగా పూశాయి. డిసెంబరులో అడుగు ఆకులు పసుపెక్కాయి. ఫిబ్రవరిలో పట్టుకుంటే చాలు, మూడూ ఊడి చేతికి వచ్చాయి. చలికి తట్టుకునే కొండ మొక్క అని చీటీ మీద రాసి ఉంది. అలాంటిది మా ఊరి చలికే ఎందుకు పోయాయి? ఈసారి గోనెపట్టా కప్పితే నిలుస్తాయా? గుంటూరులో ఉన్న మా అమ్మకు కూడా ఈ విత్తనాలు పంపాలని ఉంది. అక్కడ పెరుగుతాయా?

సమాధానం: మీరు లక్షణాలను వివరంగా రాశారు కనుక అనుమానం లేకుండా చెప్పగలను. మీ మొక్కలు పోయింది చలి వల్ల కాదు, మొదలు దగ్గర నిలిచిన తడి వల్ల. చలి దెబ్బ తగిలితే ముందుగా లేత ఆకులు, ఆకుల కొసలు మాడి నల్లబడతాయి. మొదలు మాత్రం చాలాకాలం గట్టిగానే ఉంటుంది. మీ దగ్గర జరిగింది అందుకు తలకిందులు. నేలకు ఆనుకున్న అడుగు ఆకులు ముందు పసుపెక్కాయి, లోపల మొదలు మెత్తబడింది, చివరకు ఆకుల గుత్తి వేరును వదిలేసి చేతికి వచ్చింది. ఇది మొదలు కుళ్లు తెగులు. లెవీసియా పెంచేవారు పోగొట్టుకునే మొక్కల్లో ఎక్కువ భాగం దీనికే పోతాయి.

చీటీ మీద రాసినది అబద్ధం కాదు. వేళ్ల చుట్టూ నీరు నిలవని చోట ఈ మొక్క సున్నాకు 15 డిగ్రీలు దిగువన కూడా బతుకుతుంది. మీ ఊరి చలికాలం దానితో పోలిస్తే చాలా మెత్తనిది. అందువల్ల గోనెపట్టా ఆలోచన పూర్తిగా మానుకోండి. అది వాననీటిని పీల్చుకుని ఆకుల మీద తడిగుడ్డలా పడి ఉంటుంది, గాలి ఆడనివ్వదు, ఉన్న వెలుతురును కూడా అడ్డుకుంటుంది. చలి నుంచి కాపాడుతున్నామనుకుంటూ కుళ్లుకు కావలసినవన్నీ మనమే సమకూర్చినట్టవుతుంది.

ఈ మొక్క సొంత ఊరు మీకు మరీ దూరం కాదు. కాలిఫోర్నియా ఉత్తర భాగంలోను, ఆరెగాన్ నైరుతి మూలలోను విస్తరించిన సిస్కియూ, క్లామత్ కొండల్లో, రాతి గోడల పగుళ్లలోను, కొండచరియల మీద పేరుకున్న రాతిముక్కల మధ్యను ఇది పెరుగుతుంది. అక్కడ కూడా చలికాలంలో వానలు, మంచు దండిగానే పడతాయి. కాబట్టి వాన పడడమే దోషమనుకుంటే పొరపాటు. నిలువు రాతి పగులులో పక్కకు వాలి పెరిగే మొక్క మీద పడిన నీరు పడినట్టే జారిపోతుంది, ఆకుల గుత్తి నడుమ చుక్క కూడా నిలవదు. లావుపాటి తల్లివేరు మాత్రం పగులులోకి లోతుగా దిగి, రాతి వెనుక చల్లగా ఉండే తేమను వెతుక్కుంటుంది. వేరు కొసలకు నీరు, మెడకు, అంటే వేరూ ఆకుల గుత్తీ కలిసే మొదలుకు, పొడి. ఈ రెండూ ఒకేసారి అమరితేనే లెవీసియా ఏళ్ల తరబడి నిలుస్తుంది. చదునైన పాదులో ఇవి రెండూ ఒకచోట కుదరవు, ఎందుకంటే అక్కడ నీరు ముందు మెడ దగ్గర నిలిచి, ఆ తరువాతే తీరుబడిగా వేళ్లలోకి దిగుతుంది.

మీ ప్రాంతపు వాన తీరు దీనికి మరో చిక్కు తెచ్చిపెడుతుంది. సియాటిల్‌లో ఏడాదికి పడే వాన సుమారు 950 మిల్లీమీటర్లు. అంకెగా చూస్తే అది గుంటూరు వానకు దగ్గరగానే ఉంటుంది, కాని అందులో అధిక భాగం అక్టోబరు నుంచి మార్చి లోపల సన్నటి జల్లుగా, ఆగి ఆగి, ఎండ మొహం కనిపించని రోజుల్లో పడుతుంది. మన వైపు ఒక కుంభవృష్టి కురిసినా మర్నాటి ఎండకు నేల ఆరిపోతుంది. అక్కడ నవంబరులో తడిసిన నేల మార్చి దాకా ఆరదు. పైగా మీ చుట్టుపక్కల చాలా పెరళ్లలో పై మట్టికి కొద్ది లోతునే, మంచుయుగపు హిమనదాలు అణగదొక్కి వదిలిన గట్టి పొర ఉంటుంది. నీరు దాని మీదే నిలిచిపోతుంది. గడ్డపారతో అడుగున్నర లోతు తవ్వి, బకెట్టెడు నీళ్లు పోసి చూడండి. ఆ నీరు మర్నాటికి కూడా ఇంకకపోతే నేలలో నాటే ఆలోచన వదిలి, నేల మీద ఎత్తుగా కట్టుకోవలసిందే.

పొడిని ఈ జాతి ఎంతగా ఓర్చుకుంటుందో చెప్పే ముచ్చట ఒకటి ఉంది. దీని దాయాది బిట్టర్‌రూట్, అంటే లెవీసియా రెడివైవా, మాంటానా రాష్ట్ర పుష్పం. అమెరికా అన్వేషకుడు మెరివెదర్ లూయిస్ పసిఫిక్ తీరం దాకా చేసిన యాత్ర నుంచి తిరిగి వస్తూ 1806 వేసవిలో మాంటానాలోని బిట్టర్‌రూట్ లోయలో ఆ మొక్కను సేకరించి, అణచి ఎండబెట్టాడు. ఎంతో కాలం తరువాత ఫిలడెల్ఫియాలో ఆ ఎండు మొక్కను మట్టిలో పెడితే చిగురించింది. 1814లో వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ పర్ష్ ఈ ప్రజాతికి లూయిస్ పేరే పెట్టాడు. తరువాతి కాలంలో లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేరిన మరో మొక్కను, ఎండబెట్టినా చావదని తెలిసి, ముందే మరుగునీటిలో ముంచి ఆరబెట్టారు. అది కూడా బతికి 1863 మేలో పూసింది. కోటిలీడన్‌కు అంత మొండితనం లేదు, అది ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్క. అయినా కుటుంబ లక్షణం అదే. నీరు తక్కువైతే ఆకులు ముడుచుకుని ఓపిక పడతాయి. ఎక్కువైతే మొక్క తిరిగి కోలుకోదు.

ఇప్పుడు మీరు చేసిన పనుల్లో దెబ్బ తీసినవి చూద్దాం. కంపోస్టు మామూలు పూలమొక్కకు మేలే. లెవీసియాకు అది స్పాంజిలా నీరు పట్టి ఉంచుతుంది, నత్రజని ఎక్కువై ఆకులు నీరుపట్టి మెత్తగా పెరుగుతాయి, మెత్తటి ఆకుకు కుళ్లు తొందరగా తగులుతుంది. బ్యూటీ బార్క్ అంతకన్నా ఎక్కువ హాని చేసి ఉంటుంది. బెరడు ముక్కలు మెడకు తగిలి ఉన్నంతకాలం అక్కడ చెమ్మ ఆరదు, వాటి కింద నత్తలు గుడ్లు పెడతాయి. మూడోది చాలామంది కంటికి ఆనదు. నర్సరీ నుంచి వచ్చిన మొక్కను కుండీలోంచి దించితే వేళ్ల చుట్టూ నల్లగా, మెత్తగా పీట్ ముద్ద, అంటే చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు ముద్ద, ఒకటి ఉంటుంది. దాన్ని అలాగే నాటితే, చుట్టూ ఎంత మంచి కంకర పోసినా, ఆ ముద్ద నీటిని పీల్చుకుని చలికాలమంతా మెడ కింద తడిగా కూర్చుంటుంది.

ఇక మళ్లీ కట్టుకోవడం గురించి. మీ పెరడు వాలుగా ఉండడం మీ అదృష్టం. తూర్పుకో ఉత్తరానికో మొహం తిరిగిన భాగాన్ని ఎంచుకోండి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం తరువాత నీడ పడే చోటు ఉత్తమం. మీ వైపు వేసవి మెత్తనిదే అయినా 2021 జూన్ 28న సియాటిల్ విమానాశ్రయంలో 42 డిగ్రీలు నమోదైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పడమటి ఎండకు ఎదురుగా ఉన్న రాయి అటువంటి రోజున పెనంలా కాలుతుంది.

రాళ్లను నేల మీద అలంకారంగా పెట్టవద్దు. రాతితోటలో రాయి చేసే పని వేరు: లోపలికి దిగిన రాయి కింద నేల చల్లగా ఉంటుంది, దాని పక్కగా నీరు కిందికి దారి తీసుకుంటుంది. అందుకని ప్రతి రాయి కనీసం సగం నేలలో ఉండాలి, తొక్కి చూస్తే కదలకూడదు. పలకలుగా ఉండే రాళ్లు దొరికితే వాటిని నిలువుగా, ఒకదాని పక్కన ఒకటి, మధ్య రెండు మూడు వేళ్ల సందు వదిలి పాతండి. చెక్ దేశపు తోటమాలులు ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని క్రెవిస్ గార్డెన్ అంటారు. లెవీసియాకు దీన్ని మించిన ఏర్పాటు లేదన్నది నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే కొండ మీది పగులును ఇది ఉన్నదున్నట్టుగా మీ పెరట్లోకి తెస్తుంది. సున్నపురాయి వాడకండి, ఈ మొక్కకు కొంచెం ఆమ్ల గుణమున్న నేల, లేదా తటస్థమైన నేల సరిపడుతుంది. గ్రానైట్, బసాల్ట్ రెండూ బాగుంటాయి.

సందుల్లో పోసే మిశ్రమంలో కనీసం సగం, వీలైతే మూడింట రెండు వంతులు, అంచులు పదునుగా పగిలిన సన్న కంకర ఉండాలి. మిగిలినదాంట్లో మామూలు తోటమట్టి ఎక్కువగా, బాగా మాగిన ఆకుల ఎరువు కొద్దిగా కలపండి. గుండ్రటి గులకరాళ్ల మీద నాకు అంత నమ్మకం లేదు, అవి సర్దుకుని బిగుసుకుపోతాయి. ఇసుక కలుపుతామంటారు కొందరు; సన్న ఇసుక బంకమట్టితో కలిస్తే ఇటుకలా గట్టిపడుతుంది. మీ ప్రాంతంలో ప్యూమిస్, అంటే నిండా రంధ్రాలుండే తేలికపాటి అగ్నిపర్వతపు రాయి, సులువుగా దొరుకుతుంది, అది చాలా మంచిది. రాళ్లు, మట్టి అమ్మే యార్డుకు వెళ్లినప్పుడు ఒక్క విషయం గమనించండి. కంకర పేరులో మైనస్ అన్న మాట ఉంటే దానిలో రాతిపొడి కలిసి ఉందని అర్థం. దారులు వేయడానికి అది బిగుసుకుంటుంది కనుక మంచిది, మొక్కకు అందుకే పనికిరాదు. పొడి లేకుండా జల్లించిన పావు అంగుళం కంకర అడిగి తీసుకోండి. కొద్దిగా చాలనుకుంటే, కోళ్ల దాణా అమ్మే దుకాణంలో కోళ్లకు పెట్టే గ్రానైట్ గ్రిట్ (రాతి రవ్వ) సంచి తెచ్చుకోవచ్చు. అక్కడే ఆల్చిప్పల గ్రిట్ కూడా ఉంటుంది, అది సున్నం; పొరపాటున దాన్ని తేవద్దు.

నాటడానికి ఏప్రిల్, మే నెలలు మంచివి. సెప్టెంబరు మొదట్లో కూడా నాటవచ్చు, కాని వానలు పట్టుకునేలోగా వేరు ఊనాలి కనుక ఆ తరువాత వద్దు. కుండీ తలకిందులు చేసి మొక్కను దించి, వేళ్ల ముద్దను గోరువెచ్చని నీళ్ల బకెట్‌లో ముంచి, వేళ్లతో మెల్లగా కదుపుతూ పీట్‌ను వదలగొట్టండి. చిన్న క్యారెట్‌లా లావైన తల్లివేరు, దాని చుట్టూ పీచువేళ్లు బయటపడతాయి. ఎక్కడైనా గోధుమరంగుకు తిరిగి మెత్తబడిన వేరు కనిపిస్తే, తెల్లటి గట్టి కణజాలం వచ్చేదాకా పదునైన కత్తితో కోసి, ఆ మొక్కను ఒకటి రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. తరువాత దాన్ని రెండు పలకల మధ్య పక్కకు వాల్చి పెట్టి, వేళ్లను లోపలికి, కిందికి పరిచి, సందులో మిశ్రమాన్ని పుల్లతో కూరుతూ నింపండి. ఆకుల గుత్తి బయటికి, పక్కకు చూస్తూ ఉండాలి, ఆకాశంలోకి చూడకూడదు. చివరగా మెడ చుట్టూ, అడుగు ఆకుల కింద దాకా, అంగుళమున్నర మందాన ఒట్టి కంకర నింపండి. ఆకులు ఎక్కడా మట్టిని తాకకూడదు. ఈ కంకర పట్టీ లేకుండా మిగతా పని ఎంత చక్కగా చేసినా ఫలితం అనుమానమే.

చదునైన చోట తప్ప వీలు లేకపోతే, లేదా ఇష్టపడి తెచ్చుకున్న ఖరీదైన రకమైతే, చలికాలంలో పైన కప్పు వేయవచ్చు. అక్టోబరు నుంచి మార్చి చివరి దాకా మొక్కకు అడుగు ఎత్తున పారదర్శకమైన పాలీకార్బొనేట్ రేకును ఇటుకల మీద కొంచెం వాలుగా నిలిపి, గాలికి ఎగరకుండా రాయి పెట్టండి. నాలుగు పక్కలా తెరిచే ఉంచాలి. గాలి ఆడకపోతే బూజు పడుతుంది. ఇంటి చూరు కింద వాన పడని రెండడుగుల మేర చాలా ఇళ్లకు వృథాగా ఉంటుంది. ఎత్తుగా కట్టిన తొట్టిని అక్కడ పెట్టుకుంటే ఈ కప్పులతో పనే ఉండదు.

నీటి విషయంలో చాలామంది మన మొక్కల అలవాటుతో రోజూ పోస్తారు. లెవీసియాకు మొగ్గ పట్టినప్పటి నుంచి పూత అయ్యేదాకా నేల ఆరినప్పుడల్లా నిండుగా పోయాలి, అదీ వేళ్ల వైపు, ఆకుల మీద కాదు. పూత అయ్యాక జూలై, ఆగస్టుల్లో అది కొంత నిద్రలోకి వెళుతుంది. అప్పుడు ఆకులు కొంచెం ముడతపడితే కంగారు పడవద్దు. రెండు వారాలకొకసారి వేళ్లు తడిస్తే చాలు. పచ్చికకు పెట్టిన స్ప్రింక్లర్ జల్లు రాతితోట మీద పడకుండా దాని తలను పక్కకు తిప్పించండి. ఎరువు వసంతంలో ఒకటి రెండుసార్లు, టమాటాకు వేసే ద్రవ ఎరువును చీటీ మీద చెప్పినదానికి సగం మోతాదులో పలచన చేసి పోస్తే సరిపోతుంది. పూలకాడలు ఎండిపోయాక వాటంతట అవి ఊడేదాకా ఆగండి. పచ్చి కాడను మొదలుకంటా విరిస్తే ఆ గాయంలోంచి కుళ్లు లోపలికి దిగుతుంది.

పురుగుల బాధ తక్కువే. నత్తలకు ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లండి, పూలకాడల మీద పేనుబంక చేరితే నీటి జల్లుతో కడిగేయండి. నవంబరు నుంచి మాత్రం ప్రతి వారం కిందికి వంగి అడుగు ఆకులు చూడండి. ఒక్క ఆకు పసుపెక్కి, గాజులా పారదర్శకంగా మారినట్టు కనిపిస్తే వెంటనే పక్కకు లాగి తీసేయండి, దాని కింద మెడను వేలితో నొక్కండి. గట్టిగా ఉంటే కంకర మార్చి, కప్పు వేస్తే సరిపోతుంది. మెత్తగా తగిలితే మొక్కను పెకలించి, కుళ్లిన భాగమంతా శుభ్రంగా కోసేసి, గంధకం పొడి అద్ది, ఇంట్లో పొడిగా ఆరబెట్టి, ఒట్టి ప్యూమిస్‌లో నిలబెట్టండి. ఇలా చేసినవన్నీ బతకవు, కొన్ని బతుకుతాయి. పక్క పిలకలు గట్టిగా ఉంటే వాటినైనా వేరు చేసి కాపాడుకోవచ్చు.

పిలకల సంగతి వచ్చింది కనుక చెబుతున్నాను, ఆరోగ్యంగా ఉన్న మొక్క నుంచి కూడా పూత అయ్యాక జూన్‌లో ఒకటి రెండు పిలకలు తీసి పెంచుకోండి. కోసిన చోటు రెండు మూడు రోజులు ఆరనిచ్చి, సగం కంకర కలిపిన మిశ్రమంలో గుచ్చి, నీడలో ఉంచితే కొన్ని వారాల్లో వేరు పడుతుంది. విత్తనం వేయాలంటే శరదృతువులో కంకర మిశ్రమం మీద చల్లి, పైన పలచగా గ్రిట్ పరిచి, కుండీని బయటే వదిలేయాలి. చలి తగిలితేనే వసంతంలో మొలుస్తుంది. నర్సరీల్లో దొరికేవి చాలావరకు సంకరాలు కనుక తల్లి రంగే వస్తుందని ఆశించవద్దు, గులాబీ, నారింజ, పసుపు, తెలుపు, చారల పూలు ఏవైనా రావచ్చు. 1934లో ఏర్పడిన నార్త్ అమెరికన్ రాక్ గార్డెన్ సొసైటీ ఏటా సభ్యుల మధ్య విత్తనాల మార్పిడి నడుపుతుంది, అడవి జాతుల విత్తనాలకు అది మంచి ఆధారం. కొండ మీద కనిపించిన మొక్కను మాత్రం పెకలించి తేవద్దు. మీ రాష్ట్రంలోనే పుట్టిన లెవీసియా కొలంబియానా పూలు చిన్నవైనా తొలిసారి పెంచేవారికి కోటిలీడన్ కన్నా ఓర్పుగల మొక్క, కాబట్టి ఈసారి ఒకటి దాన్ని కూడా నాటమంటాను. వెనాచీ కొండల ట్వీడీ రకం పూలు చూస్తే మనసు పోతుంది, అయితే తడికి అది అన్నిటికన్నా సున్నితం. రెండు చలికాలాలు కోటిలీడన్‌ను నిలిపాక ఆలోచించండి. వీలుంటే మే నెలలో బెల్వ్యూ బొటానికల్ గార్డెన్‌లోని రాతితోటకు వెళ్లి, పూలకన్నా ముందు రాళ్లు నేలలోకి ఎలా దిగి ఉన్నాయో, మెడల చుట్టూ ఏమి పరిచారో వంగి చూడండి.

అమ్మగారికి విత్తనాలు పంపవద్దు. మొదటిది, భారతదేశంలోకి విత్తనాలు రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, మీ దేశపు ఫైటోశానిటరీ (మొక్కల ఆరోగ్య) ధ్రువపత్రం రెండూ ఉండాలి. కవరులో పెట్టి పంపడం చట్టవిరుద్ధం. రెండవది, ఈ మొక్క వేసవిలో పొడిని, చలికాలంలో చల్లదనాన్ని కోరుతుంది. గుంటూరులో మేలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే వేడి తగ్గకుండానే నైరుతి వానలు. వేడి, తడి కలిసి వచ్చే ఆ నెలలను ఇది దాటలేదు. అయితే అమ్మగారి దగ్గర దీని చుట్టాలు ఇప్పటికే ఉండి ఉంటాయి. మనం పప్పులో వేసుకునే పావిలికూర, తెలంగాణలో గంగవాయిలి కూర అంటారు, కుండీల్లో పెంచే గడ్డిగులాబీ, ఈ రెంటితో పాటు లెవీసియాను కూడా వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం ఒకే కుటుంబంలో ఉంచి, ఇటీవలే విడదీశారు. అమ్మగారిని వెడల్పాటి మట్టికుండీలో సగం ఎర్రమట్టి, సగం ముతక ఇసుక వేసి, నాలుగైదు రంగుల గడ్డిగులాబీ కొమ్మలు గుచ్చి, రోజంతా ఎండ పడే చోట పెట్టమనండి. కుండీ అడుగున చిల్లు తెరిచే ఉందో లేదో ఒకసారి చూసుకోమనండి, ముసురు పట్టిన వారాల్లో దాన్ని వరండాలోకి జరుపుకుంటే చాలు.